శిశువు రొమ్ముఎముక – అది గట్టిపడు విధము

శిశువునకు స్నానము చేయించునపుడు రొమ్మునడుమ, కడుపునకు కొంచెము పైగా, చిన్న మొనవంటిది చేతికి తగులును. అది గడ్డయేమో యని భయపడు తల్లులు కలరు. నూనె రాచి, లోనికి ఒత్తి, సరిచేయజూచు పెద్దలును కలరు. అది గడ్డ కాదు. రొమ్ముఎముక యొక్క తుదికొన. దానిని ఒత్తరాదు. బిడ్డ ఒళ్లు చేసిన కొలది అది సాధారణముగా కనుమరుగగును.

రొమ్ముఎముకను వైద్యులు ఉరోస్థి యందురు. ఇది పొట్టి కత్తిని పోలియుండును: పైన పిడి, నడుమ అలుగు, క్రింద మొన. పై 7 జతల ప్రక్కటెముకలు దీనికే వచ్చి చేరును. తల్లి గర్భమున 6వ వారమందు ఇది యొక్కటి కాదు, అసలు ఎముకయే కాదు. కుడియెడమల రెండు మెత్తని పట్టీలుగా మొదలై, క్రమముగా దగ్గరకు జరిగి, సుమారు 10వ వారము నాటికి అతుకుకొనును. అప్పుడది చెవిడొప్పలో నుండునట్టి మృదులాస్థి మాత్రమే.

ఆ మృదులాస్థిలో సున్నపు లవణములు చేరి, అక్కడక్కడ గట్టి చుక్కలు పుట్టును. వీనికి అస్థీభవన కేంద్రములని పేరు. 5, 6 నెలల గర్భమున పిడియందును, అలుగు మొదటి ఖండమందును ఇవి కనబడును. రెండవ, మూడవ ఖండములలో పుట్టుకకు ముందే తోచును. నాలుగవ ఖండమున సాధారణముగా పుట్టిన మొదటి యేడు, మొనలో 3 ఏండ్లు నిండిన పిదప, కొందరిలో ఇంకను ఆలస్యముగా. ఇందొక విచిత్రము కలదు. కేంద్రములు పైనుండి క్రిందికి పుట్టగా, ఖండములు ఒకదానితో నొకటి అతుకుకొనుట క్రిందినుండి పైకి సాగును. బాల్యమున ఆరంభమైన యీ పని సుమారు 25 ఏండ్లకు గాని ముగియదు. మొన అలుగుతో కలియుట 40 ఏండ్ల ప్రాంతమున. పిడికిని అలుగుకును నడుమ కీలు పెక్కుమందిలో జీవితాంతము నిలిచి, ఊపిరి పీల్చునపుడు రొమ్ము కదలుటకు తోడ్పడును.

ఎముక గట్టిపడుటకు సున్నముతో పాటు ‘డి’ విటమిను కావలెను. అది లోపించినచో రికెట్సు వ్యాధి కలుగును. రొమ్మునకు ఇరుప్రక్కల ప్రక్కటెముకల కొనలు పూసలవలె ఉబ్బును. రొమ్ముఎముక పావురపు రొమ్మువలె ముందుకు పొడుచుకొని వచ్చును. తల్లిపాలకు సాటి లేదు గాని, వానిలో ఈ విటమిను స్వల్పము. కావున మొదటి యేడాది దినమునకు 400 యూనిట్ల చొప్పున చుక్కలమందుగా నిమ్మని మన దేశపు శిశువైద్యులు చెప్పుచున్నారు.

ఇక ముఖ్యమైన సంగతి. పసిబిడ్డ రొమ్ముగూడు మెత్తన గనుక, న్యుమోనియా వచ్చినపుడు ఊపిరితిత్తులు బిగిసి, శ్వాస లోనికి తీసిన ప్రతిసారి రొమ్ము క్రిందిభాగము లోపలికి పీల్చుకొనిపోవును. దీనినే మనవారు డొక్కలు ఎగురవేయుట యందురు. 2 నెలల లోపు శిశువులో స్వల్పముగా లోనికి పోవుట సహజమే. లోతుగా పోయినచో మాత్రము ఆపదయే. బిడ్డ ఏడ్వక, నెమ్మదిగా నున్న సమయమున గడియారము చూచి నిండు నిమిషము శ్వాసలు లెక్కింపవలెను. 2 నెలల లోపున 60, అటుపై ఏడాది నిండువరకు 50, ఏడాది మొదలు 5 ఏండ్ల వరకు 40, లేక అంతకు మించినచో అది వేగముగా ఊపిరి తీయుటయే. ఈ రెండు గుర్తులలో ఏది కనబడినను ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. డొక్కలపై వాతలు పెట్టు ఆచారము కొన్నిచోట్ల కలదు. వాత వలన ఊపిరితిత్తి బాగుపడదు. కాలిన పుండు మిగులును, చికిత్స చేయవలసిన గంటలు గడచిపోవును. బిడ్డ పాలు త్రాగలేకున్నను, పెదవులు నీలమైనను, లెక్కించుటకై కూడ ఆగరాదు.