గోటూ వివాదం

పటాన్‌చెరు నుండి బీరంగూడ మీదుగా కిష్టారెడ్డిపేటకు వెళ్లే బాటసారికి, దారిలో దాటిన ఊళ్లను బట్టి తాను ఎక్కడ ఉన్నదీ తెలుస్తుంది. రెప్పపాటులో అతనిని ఎవరో మరొకచోట దింపితే, చేరిన చోటు తెలిసినా వచ్చిన దారి తెలియదు. కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో ‘గోటూ’ అనే ఆదేశం చేసే పని ఇటువంటిదే. అది వరుసను విడిచి, సూచించిన మరొక పంక్తికి నేరుగా దుమికిస్తుంది.

ఫోర్ట్రాన్, బేసిక్ వంటి తొలినాటి భాషలలో ఈ ఆదేశాన్ని విరివిగా వాడేవారు. ప్రోగ్రాములు పెద్దవైన కొద్దీ దుముకుళ్లు పెనవేసుకొని చిక్కుపడిన నూలువలె తయారయ్యాయి. వరుస, ఎంపిక, పునరావృతి అనే మూడు నిర్మాణాలతోనే ఏ ప్రోగ్రామ్‌నైనా వ్రాయవచ్చునని 1966లో బోమ్, జాకోపిని అనే శాస్త్రవేత్తలు నిరూపించారు. 1968 మార్చిలో నెదర్లాండ్స్‌కు చెందిన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఒక పత్రికకు లేఖ వ్రాస్తూ గోటూను తొలగించాలని వాదించారు. ప్రోగ్రామ్ నడకను చదివేవాడు మనస్సులో అనుసరించగలగాలన్నదే ఆయన ఆశయం. ఆ లేఖకు ‘హానికరం’ అనే మాటతో శీర్షిక పెట్టినవారు సంపాదకులు నిక్లాస్ విర్త్.

ఈ వాదాన్ని అందరూ పూర్తిగా అంగీకరించలేదు. 1974లో డోనాల్డ్ క్నూత్ ఉభయ పక్షాలనూ తూచి చూశారు. అనేక పట్టికలలో ఒక పేరును వెదకుతున్నప్పుడు, అది దొరకగానే అన్ని ఆవృత్తాలనుండి ఒక్కసారిగా బయటపడటానికి గోటూ సహజమైన మార్గం కావచ్చు. జావా భాష ఆ పదాన్ని వాడరాని పదంగా కేటాయించింది. సి భాషలో వ్రాసిన లినక్స్‌లో మాత్రం, పొరపాటు జరిగినప్పుడు తీసుకొన్న వనరులను తిరిగి విడిచిపెట్టడానికి గోటూను నేటికీ వాడుతున్నారు.

ఆపిల్ సంస్థ ప్రోగ్రామ్‌లో ఒక గోటూ పంక్తి పొరపాటున రెండుసార్లు పడిందని 2014లో బయటపడింది. అవతలి సర్వరు అసలైనదో కాదో తేల్చే తనిఖీ పూర్తి కాకుండానే అంతా సవ్యమన్న ఫలితం వచ్చేది. కొందరు గోటూను నిందించారు. షరతు హద్దులను తెలిపే బ్రాకెట్లు పెట్టకపోవడమే దోషమని మరికొందరు అన్నారు.

కర్మాగారంలో యంత్రాన్ని నడిపే ప్రోగ్రామ్‌ను వ్రాసేవాడు ఒకడు. ఏళ్ల తరువాత దానిని సరిదిద్దేవాడు మరొకడు. ఆ రెండవవాడు దారి తప్పకుండా చూడటమే మొదటివాని బాధ్యత. గోటూ వాడాలా, మానాలా అన్న ప్రశ్నకు సమాధానం వెదకవలసింది అక్కడే.