పెన్నేరు గడ్డ: మనోవ్యాకులత

వార్షిక పరీక్షలు సమీపించుచున్న దినములలో రాయలసీమయందలి యొక సంతకు మేము వెళ్లితిమి. అచ్చట నొకడు గోనెపట్టా పరచి, దానిపై పెన్నేరు గడ్డలను కుప్పగా బోసి, వీనిని పాలలో కాచి త్రాగించినచో మందమతి కూడ మొదటి తరగతిలో నుత్తీర్ణుడగునని చాటుచుండెను. కొనుచున్న వారిలో ఆ గ్రామ పంచాయతీ సభ్యు లొకరుండిరి. వారు మమ్ము ప్రక్కకు బిలిచి, "అయ్యా, ఇందులో నిజమెంత? రేపు ఊరివారు నన్నే కదా అడుగుదురు" అనిరి. సంతలో నిలువబడి చెప్పుటకు వీలులేకపోయిన సమాధానమును ఇచ్చట వ్రాయుచున్నాము.

పెన్నేరు గడ్డకు సంస్కృతమున అశ్వగంధయని పేరు. పచ్చివేరును విరిచి వాసన చూచినచో గుఱ్ఱపు వాసన వచ్చును. ఇది వంగ, మిరప, టమాటా మొక్కల కుటుంబములోనిదే. కాగితము వంటి పలుచని తొడుగులో దీని చిన్న ఎఱ్ఱని పండు దాగియుండును. వర్షాధారపు తేలిక నేలలలో పండును. అనంతపురము, కర్నూలు ప్రాంతముల రైతులకు ఈ పైరు క్రొత్త గాదు. మధ్యప్రదేశ్‌లోని నీమచ్ దీనికి పెద్ద విపణి. వైద్యమునకు వాడవలసినది వేరే గాని ఆకు కాదు. ఆకును వాడవద్దని 2021లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ మందుల తయారీదారులకు సూచన చేసినది.

ఆయుర్వేదము దీనిని బలమునకును, నిద్రకును వాడెను. దీని శాస్త్రీయ నామములోని 'సోమ్నిఫెరా' యను లాటిను మాటకు కూడ నిద్ర దెచ్చునదియనియే యర్థము.

మనస్సు బెదిరినపుడు మూత్రపిండములపై నుండు గ్రంథులు కార్టిసాల్ అను రసమును రక్తములోనికి వదలును. పాము కనబడినపుడు తప్పించుకొనుటకు ఇది మేలు చేయును. కాని అప్పు వాయిదా, ఎండిన బోరు, కూతురి పెండ్లి – ఇవి పామువలె ప్రాకి పోవునవి కావు. నెలల తరబడి గుమ్మములోనే కూర్చుండును. ఆ రసము చాలకాలము హెచ్చుగా నున్నచో నిద్ర చెడును, చెప్పినది జ్ఞాపకముండదు, చిన్న మాటకే కోపము వచ్చును.

2012లో ప్రకటింపబడిన హైదరాబాదు పరీక్ష యొకటి గలదు. వ్యాకులతతో బాధపడుచున్న 64 మందిని రెండు జట్లు చేసిరి. ఒక జట్టునకు వేరు సారము 300 మిల్లీగ్రాముల చొప్పున రోజునకు రెండుమారులు, రెండవ జట్టునకు అదే రూపముగల మందులేని క్యాప్సూళ్లు ఇచ్చిరి. 60 దినముల పిమ్మట మొదటి జట్టువారి రక్తములో కార్టిసాల్ సుమారు 28 శాతము తగ్గెను. రెండవ జట్టులో తగ్గినది సుమారు 8 శాతము. మందు లేకయే కొంత తగ్గినదన్న మాటను దాటవేయరాదు. మందు తినుచున్నామను ధైర్యము కూడ పని చేయును. సంతలో అమ్ముడగునది చాలవరకు ఆ ధైర్యమే!

ఇక బుద్ధిబలము సంగతి. నిజాం వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2014లో ప్రకటించిన దానిలో ఆరోగ్యవంతులైన 20 మంది పురుషులు 14 దినములు సారమును తినగా, సంకేతమును చూచి స్పందించు వేగము మెరుగయ్యెను. 2017లో జ్ఞాపకము కొంచెము తగ్గిన 50 మందికి ఎనిమిది వారములిచ్చి చూడగా మేలు కనబడెను. ఇవి చిన్న పరీక్షలు, కొలది వారములవి. పైగా ఇవి పెద్దలపై జరిగినవి, బడిపిల్లలపై గాదు. చదువని పాఠమును ఏ వేరును నేర్పజాలదు.

కీడు సంగతి వర్తకుడు చెప్పడు గనుక మేము చెప్పవలసియున్నది. గర్భిణులు దీనిని తినరాదు. థైరాయిడ్ మందులు, నిద్రమాత్రలు వాడువారు వైద్యుని అడుగక ముట్టరాదు. దీనిని వాడినవారిలో కొందరికి కాలేయము దెబ్బతిని కామెర్లు వచ్చినట్లు వైద్య పత్రికలలో నమోదైనది. డెన్మార్కు ప్రభుత్వము 2023లో దీనిని నిషేధించెను. ఆయుర్వేద వైద్యులు సాధారణముగా చూర్ణమును రోజునకు 3 మొదలు 6 గ్రాముల వరకు ఇత్తురు. సీసాలలో వచ్చు సారము చిక్కనిది. చూర్ణపు కొలతతో దానిని తినరాదు. కన్ను పసుపుపచ్చనైనను, మూత్రము ముదురు రంగు తిరిగినను వెంటనే మానివేసి ఆసుపత్రికి పోవలయును.

సభ్యులు ముఖ్యముగా గుర్తింపవలసిన భేదమొకటి గలదు. నాలుగు రాత్రులు నిద్ర పట్టనివాడు వేరు. భోజనము మాని, ఎవరితోను మాటలాడక, బ్రతుకు వలదనుచున్నవాడు వేరు. రెండవవానికి గడ్డ యిచ్చి కాలము గడపుట ప్రాణముతో చెలగాటము. అట్టివానిని ఒంటరిగా విడువక, పురుగుమందు డబ్బాలను అందకుండ దీసి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తోడుగా తీసికొనిపోవలయును. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో రేయింబవళ్లు ఉచితముగా తెలుగులోనే మాటలాడుదురు. పంచాయతీ కార్యాలయపు గోడమీద, పన్నుల పట్టిక ప్రక్కన, ఈ అయిదంకెలను పెద్ద అక్షరములలో వ్రాయించుటకు ఒక డబ్బా రంగు చాలును.