రిపోర్టు ఆమె చేతికే

మా మహిళా సమాఖ్యలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను పట్టుకుని అడుగుతుంటారు: "అప్పా (మా వైపు అక్కను ఇలాగే పిలుస్తారు), క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెడితే ఆడోళ్లు కదిలి రారేం?" ఒక్కొక్కరికీ కూర్చోబెట్టి చెప్పే ఓపిక తగ్గింది. డెబ్బై దాటాయి. సారా ఉద్యమం రోజుల్లో గడప దాటి, పొదుపు సంఘాల్లో తిరిగి తిరిగి, చివరికి ఈ పరీక్షల పనిలో పడ్డాను. శ్రీకాకుళం జిల్లా ఊళ్లలో నాకు తెలిసొచ్చినవి రాస్తున్నాను. ముఖ్యమైనదే ముందుంటుందని అనుకోవద్దు, గుర్తొచ్చిన వరసలో రాశాను.

1. ఆడవాళ్లకు తెలియదనే మాట సగమే నిజం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం, దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. రొమ్ము పరీక్ష అయితే ఒకరు కూడా నిండరు. ఈ లెక్క చూడగానే పైనున్నవాళ్లు "అవగాహన లేదు" అంటారు, ఫ్లెక్సీ కట్టిస్తారు. ఆ ఫ్లెక్సీ ముందు నుంచే పొద్దున ఆరింటికి ఆడవాళ్లు ఉపాధి పనికి పోతుంటారు. క్యాంపుకొస్తే ఆ పూట మస్తరు పడదు. పలాస వైపు జీడిపిక్కల పనిలో ఉన్నవాళ్లకు మానేసిన రోజు కూలి ఎవరిస్తారు? నాట్లలో, కోతల్లో క్యాంపు పెట్టి, రాలేదని వాళ్లనే తిట్టడం నేను చాలాసార్లు విన్నాను. తేదీ వేసేముందు ఆ ఊరి ఆడవాళ్లను అడగండి. మధ్యాహ్నం మూడు తర్వాత పెట్టమంటారు, లేదా సంఘం మీటింగు రోజే పెట్టమంటారు. అంతకంటే పెద్ద రహస్యమేమీ లేదు.

2. గదికి గడియ ఉందో లేదో ముందు చూడండి.

గర్భాశయ ముఖద్వార పరీక్ష ఏమిటో దాచిపెట్టి తీసుకెళ్లకూడదు. ఉన్నదున్నట్టు చెప్పాలి. బల్ల మీద పడుకుని కాళ్లు మడవాలి, లోపల చిన్న పరికరం పెట్టి దూదితో పలచటి ఎసిటిక్ ఆమ్లం అద్దుతారు, నిమిషం ఆగి చూస్తారు, తెల్లటి మచ్చ తేలితే ఇంకో పరీక్షకు పంపుతారు. రక్తం తీయరు, మత్తు ఇవ్వరు. కొంచెం చురుక్కుమంటుంది. ముట్టు రోజుల్లో చేయరు. ఇప్పుడు హెచ్‌పీవీ అనే వైరస్‌ను పట్టే పరీక్ష కూడా వచ్చింది, చిన్న బ్రష్‌తో నమూనా తీస్తారు, కావాలంటే ఎలా తీసుకోవాలో చెప్పించుకుని తనకు తానే తీసుకోవచ్చు. సిగ్గుపడే మనిషికి అది ఎంత పెద్ద వెసులుబాటో మగ డాక్టర్లకు అర్థం కావడానికి టైం పట్టింది.

ఒక ఊళ్లో సబ్ సెంటర్ కిటికీకి తలుపే లేదు. ఏఎన్ఎం అమ్మాయి అట్ట ముక్క అడ్డం పెట్టింది, గాలికి పడిపోతోంది. మొదట లోపలికి పోయినామె బల్ల ఎక్కకుండానే తిరిగొచ్చేసింది. వెనక ఉన్నవాళ్లందరూ చెప్పులు వేసుకున్నారు. అప్పుడు మా సంఘంలో ఒకామె ఇంటికి పోయి పాత నేత చీర తెచ్చి నాలుగు మడతలు పెట్టి మేకులకు కట్టింది. ఇంకొకామె చేతిలో చీపురు పట్టుకుని కిటికీ బయట నిలబడింది, ఆడుకునే గుంటలు అటు రాకుండా. ఆ సాయంత్రం లైను చీకటిపడే దాకా ఉంది. మాట్లాడి ఒప్పించింది ఎవరూ లేరు.

3. చేసే చెయ్యి ఆడదైతే, ఊరిదైతే మంచిది.

ముంబై బస్తీల్లో టాటా మెమోరియల్ ఆస్పత్రివాళ్లు 1998లో మొదలుపెట్టి దాదాపు లక్షన్నర మంది ఆడవాళ్లతో అధ్యయనం చేశారు, అందులో సగం మందికి ఈ పరీక్షలు చేశారు. పరీక్ష చేసింది పెద్ద డాక్టర్లు కాదు, పదో తరగతి చదివి కొద్ది వారాల శిక్షణ పొందిన ఆడవాళ్లు. ఆమ్లం అద్ది చూసే ఆ పరీక్ష వల్ల గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయని 2013లో చెప్పారు. రొమ్ములను చేత్తో తడిమి చూసే పరీక్ష వల్ల యాభై దాటినవాళ్లలో చావులు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో చెప్పారు. "పల్లెటూళ్లో మిషన్లు లేవు కదా" అని చేతులెత్తేసేవాళ్లకు నేనిది చెప్తుంటాను.

4. నొప్పి లేని గడ్డనే ముందు చూపించాలి.

రొమ్ములో గడ్డ తగిలినా "నొప్పి నేదు కదప్పా" అని ఏడాది లాగేస్తారు. నొప్పి ఉంటే ఎవరికైనా చెప్పుకునేవాళ్లే. గడ్డ, చర్మం లోపలికి గుంజుకోవడం, మొన నుంచి రక్తం రావడం, ముట్లాగిపోయాక మళ్లీ రక్తం కనిపించడం, కలయిక తర్వాత రక్తం, వాసనతో కూడిన తెల్లబట్ట. వీటిలో ఏది ఉన్నా క్యాంపు కోసం కాచుకోకూడదు, నేరుగా డాక్టరు దగ్గరికే పోవాలి. క్యాంపు ఉన్నది ఏమీ లేనివాళ్ల కోసం. ఈ తేడా మన కార్యకర్తలకే చాలామందికి తెలియదు.

5. "ఎవరివల్ల వచ్చింది" అనే ప్రశ్నను ఇంటి గుమ్మంలోనే ఆపాలి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ అనే వైరస్. అది కలయిక వల్ల అంటుకుంటుంది. ఈ సగం మాట విన్న మగవాడు మిగతా సగం తనే అల్లుకుంటాడు. పరీక్షలో తేడా వచ్చిందని భార్యను రచ్చబండ దగ్గర నిలదీసినవాణ్ణి చూశాను. ఆశా కార్యకర్త వాడికి చెప్పిన జవాబు ఇప్పటికీ నేను అన్నిచోట్లా వాడుకుంటున్నాను: "బాబూ, ఈ పురుగు కాపురం చేసే మనుషుల్లో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చిపోయేదే. ఒకటి రెండేళ్లలో ఎక్కువమందికి దానంతటదే పోతుంది. పోకుండా ఉండిపోయింది క్యాన్సర్ అవ్వడానికి పదేళ్లు, పదిహేనేళ్లు పడుతుంది. ఏ ఏడాది వచ్చిందో, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో పెద్ద డాక్టరే చెప్పలేడు. నువ్వెలా చెప్తున్నావు?" వాడు తల దించుకున్నాడని రాయను. బీడీ ముట్టించుకుని వెళ్లిపోయాడు. కానీ ఆ రాత్రి ఆమె దెబ్బలు తినలేదు.

మగవాళ్లకు చెప్పొద్దని నేననడం లేదు. చెప్పాలి, వేరే కూర్చోబెట్టి చెప్పాలి. అనుమతి అడగడం మాత్రం వద్దు. బీపీ చూపించుకోవడానికి ఏ మగవాడూ పెళ్లాన్ని అడగడు.

విధవలు "నాకెందుకిది ఇంక" అంటారు. భర్త పోతే గర్భసంచి పోతుందా? వాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టండి.

6. క్యాన్సర్ అని భయపెట్టినవాడికే లాభం.

దీని మీద నాకు కోపం ఎక్కువ, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. మనమే ముందున్నాం. ఏ పల్లెలోనైనా నలుగురు ఆడవాళ్లు కూర్చున్నచోట అడగండి, "తియ్యకపోతే క్యాన్సర్ అయిపోద్దన్నారు" అని ఒకరైనా చెప్తారు. తెల్లబట్ట అవుతోందని పోతే, నడుంనొప్పి అని పోతే, ముట్టు ఎక్కువవుతోందని పోతే, చాలాచోట్ల వినిపించేది ఆ ఒక్క మాటే. మందులతో పోయే ఇన్‌ఫెక్షన్‌కు కత్తి పెడతారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఏళ్లకే ముట్లాగిన ముసలితనం, ఎముకల గుల్లదనం.

ముప్పై నిండని పిల్ల ఒకతె ఆపరేషన్‌కు ముందురోజు నా దగ్గరికొచ్చింది. పుస్తెలతాడు కుదువలో ఉంది. చేతిలో పట్నం ఆస్పత్రి కవరు. తెరిచి చూస్తే స్కానింగ్ ఫిల్ము ఒకటి, మందుల చీటీ ఒకటి, ఆపరేషన్ తేదీ రాసిన కార్డు ఒకటి. క్యాన్సర్ అని తేల్చిన పరీక్ష కాగితం ఒక్కటీ లేదు. "ఏ పరీక్షలో తేలిందమ్మా?" అంటే "డాక్టరుగారు సెప్పినారు" అంది. మర్నాడు ఆ ఆస్పత్రికి కాకుండా సర్కారు ఆస్పత్రిలో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ నమూనా తీసి పంపించింది, మందులు రాసింది. నమూనాలో ఏమీ లేదు. మందులతో తెల్లబట్ట తగ్గింది. ఆ పిల్ల ఇప్పుడు మా సంఘంలో లెక్కల పుస్తకాలు రాస్తుంది.

2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ అనవసర ఆపరేషన్ల కేసులో, కేంద్రం రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లో పెట్టమని రాష్ట్రాలకు చెప్పింది. కోర్టు మాట ఊళ్లోకి రావడానికి టైం పడుతుంది, మనం ఆగనక్కర్లేదు. సంతకం పెట్టేముందు ఏ పరీక్షలో తేలిందో అడగాలి, ఆ కాగితం చేతిలో పెట్టమనాలి. మందులతో పోతుందా, అండాశయాలు ఉంచుతారా అని అడగాలి. రెండో డాక్టరు చూసేదాకా సంతకం వద్దు.

అందుకే మైకు పట్టుకుని క్యాన్సర్, క్యాన్సర్ అని అరిచే అవగాహన సదస్సులంటే నాకు భయం. హక్కు చెప్పకుండా భయం ఒక్కటే పంచితే, ఆ భయంతో ఆడది తిన్నగా పోయేది కత్తి దగ్గరికే.

7. మంచి పనికైనా సంతకం ఆమెదే.

2009లో ఖమ్మం జిల్లాలో దాదాపు 14,000 మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు, పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వాళ్లు. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. అమ్మానాన్నల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. మహిళా సంఘాలు వెళ్లి విచారించి గట్టిగా అడిగాకే విషయం బయటికొచ్చింది. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా వేయించుకున్న పిల్లల్లో కొందరు తర్వాత చనిపోయారు, ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. నిజానికి టీకా మంచిదే, ఈ క్యాన్సర్‌కు ముఖ్య కారణమైన 16, 18 రకాలను అడ్డుకుంటుంది. కానీ అడగకుండా పొడిచిన సూది మీద అనుమానం ఎన్నాళ్లు ఉంటుందో మా వైపు తల్లులతో మాట్లాడితే తెలుస్తుంది. "ఖమ్మంలో పిల్లలు పోయారట కదా" అనే మాట ఇప్పటికీ వస్తుంది. చిరాకుపడకండి. మొత్తం కథ చెప్పండి, తప్పు జరిగిందన్నదీ చెప్పండి.

8. ముసలమ్మల నోరు తెరిపించండి.

మా తీరం ఊళ్లలో అడ్డపొగ ఉంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు, ఎక్కువగా ఆడవాళ్లే. అంగిలి కాలిపోయి, మచ్చలు పడి, కొందరికి అక్కడే క్యాన్సర్ అవుతుంది. నోటి పరీక్షకు టార్చిలైటు చాలు. కింది పరీక్ష అనగానే పారిపోయే ముసలమ్మ నోరు చూపించడానికి సిగ్గుపడదు. ఆ కుర్చీలో కూర్చోబెట్టి చుట్ట సంగతి మాట్లాడుతూనే మిగతావి అడగొచ్చు. చుట్ట మానమంటే "ఏభై ఏళ్లనాటి నేస్తం" అని నవ్వుతారు. కొందరు మానతారు.

9. రిజిస్టర్లో ఫోన్ నంబరు ఎవరిదో చూడండి.

ఫలితం వచ్చాక ఆ కబురు పోయేది కొడుకు ఫోనుకో మొగుడి ఫోనుకో. వాడు చెప్తాడా, దాస్తాడా, సందేహం పెట్టుకుంటాడా, అది వాడి ఇష్టమైపోతుంది. పేరు రాసేటప్పుడే "నీ కబురు ఎవరికి చెప్పమంటావు?" అని అడగండి. ఆమె చెప్పిన నంబరే రాయండి, పక్కింటావిడదైనా సరే. కాగితం మడిచి ఆమె చేతికే ఇవ్వండి. చదువు రాకపోతే పక్కకు తీసుకెళ్లి చదివి వినిపించండి, అందరి ముందూ కాదు.

10. మచ్చ తేలినామెను ఒంటరిగా పంపొద్దు.

క్యాన్సర్ కాకముందు దశలోనే దొరికితే చాలాసార్లు కొద్ది నిమిషాల చికిత్సతో పోతుంది. ముదిరితే అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికో ఇంకెక్కడికో తిరగాలి. ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. ఆరోగ్యశ్రీ (ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది, జనం నోట అదే పేరు) వైద్యం ఖర్చు చూసుకుంటుంది గానీ తోడొచ్చినవాళ్ల భోజనం, ఇంట్లో పశువులకు గడ్డి వేసే మనిషి, ఇవి పథకంలో ఉండవు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

మా సమాఖ్యలో తీర్మానం చేశాం: ఆడమనిషి తన జబ్బుకు అప్పు అడిగితే ఆమె సంతకం ఒక్కటే చాలు, భర్త సంతకం అక్కర్లేదు. మొదటిసారి వెళ్లేటప్పుడు తోడుగా ఒక సభ్యురాలు, ఆమె కూలి సమాఖ్య ఇస్తుంది. ఆడిట్‌కొచ్చినాయన ఈ పద్దు చూసి, ఇది ఏ ఖాతా కింద రాశారని అడ్డం తిరిగాడు. తీర్మానం పుస్తకం ముందు పెట్టాం. రెండుసార్లు చదువుకుని, టిక్కు పెట్టి, టీ తెప్పించమన్నాడు.