మూలన పడ్డ ట్రాక్టర్‌ను తూకానికి వేసేముందు...

పశువుల కొట్టం పక్కనో, గడ్డివామి చాటునో తుప్పు పట్టిన ట్రాక్టర్ చాలా ఊళ్లలో కనిపిస్తుంది. పెద్దాయన ఉన్నన్నాళ్లూ నడిచింది. ఆయన పోయాక పట్టించుకున్నవాళ్లు లేరు. బ్యాటరీ చచ్చింది, టైర్లలో గాలి పోయింది, బానెట్ మీద కోళ్లు పడుకుంటున్నాయి. ఒకరోజు పాత ఇనుము కొనే మనిషి వస్తాడు. "ఇంకేముందమ్మా, కిలోల లెక్కే" అంటాడు. ఇంటివాళ్లు సరే అంటారు.

నేను చూసిన ఒక ఇంట్లో ఇలాగే జరిగింది. భర్త పోయిన ఒక రైతమ్మ మాసీ ట్రాక్టర్‌ను తుక్కు కింద అమ్మేసింది. రెండు నెలలకు అదే బండి పక్క మండలంలో దమ్ము చేస్తోంది. ఇంజిన్ పట్టేసిందే గానీ పాడవలేదు. కొన్నవాడు మోసం చేశాడని అనలేం. తన దొడ్లో ఏముందో ఆమెకు తెలియదు, అతనికి తెలుసు. తేడా అంతే. అమ్మేవారైనా, చౌకగా వస్తుందని కొనేవారైనా బేరానికి ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. అది ఏ బండి? ఎంతవరకు బాగుంది? కాగితాలు ఉన్నాయా?

ఏ బండో గుర్తుపట్టడం ఎలా?

రంగును, బానెట్‌ను నమ్మకండి. ఒక బండి బానెట్ ఇంకో బండికి బిగించడం మామూలే. కంపెనీ పేరు, మోడల్, నంబర్లు ఉన్న రేకు ముక్క ఎక్కడుందో వెతకండి. అది ఊడిపోయి ఉంటే ఇనుము మీదే కొట్టిన నంబర్లు చూడాలి. ఇంజిన్ నంబరు బ్లాకు మీద, ఛాసిస్ నంబరు క్లచ్, గేర్ బాక్సుల వైపు ఉంటుంది. కిరోసిన్ గుడ్డతో మురికి తుడిచి సుద్ద రుద్దితే అంకెలు తేలతాయి. ఎమెరీ గుడ్డతో గీకవద్దు. అంకె చెరిగితే రేపు రవాణా శాఖ ఆఫీసులో మీరే జవాబు చెప్పుకోవాలి.

నంబరు ప్లేటు కూడా వయసు చెబుతుంది. ఏపీ 7, ఏపీ 16 లాంటి జిల్లా అంకెలు 1989 నుంచి వచ్చాయి. మూడు అక్షరాలు, నాలుగు అంకెలే ఉంటే అంతకు ముందుది.

తర్వాత సిలిండర్లు లెక్కపెట్టండి. డీజిల్ పంపు నుంచి ఎన్ని సన్న గొట్టాలు నోజిళ్లకు వెళుతున్నాయో అన్ని సిలిండర్లు. మాసీ 1035కి, ఫోర్డ్ 3000, 3600లకు మూడు. ఇంటర్నేషనల్ బి-275కి నాలుగు. హెచ్‌ఎంటీ జెటార్ 2511కి, స్వరాజ్ 724కి రెండు. రేడియేటరే లేకుండా ఒంటి సిలిండర్ ఉంటే అది గాలితో చల్లబడే పాత ఐషర్ కావచ్చు.

మోడల్ తెలిస్తే సామాను దొరుకుతుందో లేదో తెలుస్తుంది. ఇంటర్నేషనల్ కంపెనీ 1977లో మహీంద్రాలో కలిసింది. ఐషర్ ట్రాక్టర్లను 2005లో టాఫే కొన్నది. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. అందుకని బేరానికి ముందే మోడల్ పేరు చెప్పి విజయవాడ ఆటోనగర్‌లోనో, మీ దగ్గరి పట్నంలోనో పిస్టన్ సెట్, క్లచ్ ప్లేటు ఉన్నాయా, ఎంత అని అడిగి రండి.

బాగోగులు చూడటం

ఆయిల్ కొలిచే పుల్ల బయటికి తీయండి. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరినట్లే. బ్లాకు మీద వెల్డింగ్ మచ్చలు, సన్నటి చీలికలు, తుప్పు నీళ్లు కారిన గీతలు ఉన్నాయేమో చూడండి. బ్లాకు పగిలితే దాన్ని నడిచే బండిగా లెక్క వేయవద్దు.

ఇంజిన్ తిరగకపోతే ఇంకో ట్రాక్టర్‌కు కట్టి లాగించకండి. పట్టేసిన పిస్టన్ కదలక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మెకానిక్ చేత నోజిళ్లు తీయించి, ఆ రంధ్రాల్లో డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి కొంచెం పోయించండి. వారం రోజులు అలాగే వదిలేయండి. ఆ తర్వాత క్రాంక్ పుల్లీని పానాతో అటూ ఇటూ మెల్లగా కదపాలి. కదిలితే సగం గండం గడిచినట్లే. కదలకపోతే ఇంజిన్ విప్పే ఖర్చు లెక్కలో వేసుకోండి.

గంటల మీటర్ చాలా పాత బండ్లలో పనిచేయదు. అరిగిన క్లచ్ పెడల్, స్టీరింగ్ లూజు దాని బదులు సాక్ష్యం చెబుతాయి. వెనక ట్రాలీ తగిలించే రంధ్రం గుండ్రంగా కాక కోలగా సాగి ఉంటే బండి చెరకో, ఇటుకో బాగా లాగిందన్నమాట. వరి ప్రాంతం బండి అయితే వెనక చక్రాల దగ్గర ఆయిల్ కారిందేమో చూడండి. సీలు పోయి దమ్ములోని బురద లోపలికి వెళ్లి ఉండవచ్చు. టైర్లు ఎండకు పగిలాయా, రిమ్ములు తుప్పుకు తినేశాయా అన్నది కూడా ముఖ్యమే. నాలుగు టైర్లు మార్చాల్సి వస్తే చిన్న ఖర్చు కాదు.

ధర కట్టే లెక్క

కింద తుక్కు ధర, పైన నడిచే బండి ధర. ఈ రెంటి మధ్యే బేరం. ఈ అంకెలు లెక్క తెలియడానికే, మీ దగ్గరి ధరలు మీరు వేసుకోండి.

అదే మోడల్ నడిచే బండి 1,80,000 రూపాయలు పలుకుతోందనుకుందాం. ఇంజిన్ పని 45,000, టైర్లు 45,000, బ్యాటరీ 6,000, కాగితాలు 4,000, లారీ కిరాయి 5,000. మొత్తం 1,05,000. తీసేస్తే 75,000 మిగులుతుంది. విప్పాక బయటపడే ఖర్చుకు ఇంకో 15,000 తీయండి. మిగిలింది 60,000. బండి 1,600 కిలోలు తూగి కిలో 25 పలికితే తుక్కు ధర 40,000. అమ్మేవారు 40,000కు దిగకూడదు. కొనేవారు 60,000 దాటకూడదు. పై లెక్క తుక్కు ధర కంటే తక్కువ తేలితే మాత్రం మొహమాటపడకండి, తూకానికే ఇచ్చేయండి. అప్పుడు కూడా గేర్ బాక్సు, లిఫ్టు, రిమ్ములు బాగుంటే విడిగా ఎంత పలుకుతాయో అడగండి.

కాగితాలు లేకుంటే కష్టం

15 ఏళ్లు దాటితే ట్రాక్టర్ చెల్లదని కొందరు భయపెట్టి ధర తగ్గిస్తారు. అది నిజం కాదు. వ్యవసాయ ట్రాక్టర్‌కు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆపైన బండి బాగుంటే అయిదేసి ఏళ్లకు పొడిగించుకోవచ్చు.

ఆర్‌సీ మీది నంబర్లు, బండి మీది నంబర్లు ఒక్కటేనా అని అంకె అంకె సరిచూడండి. తేడా ఉంటే కొనవద్దు. పేరు మార్పుకు 29, 30 నంబరు ఫారాలు కావాలి. యజమాని చనిపోతే వారసులు 31వ నంబరు ఫారంతో ముందు తమ పేరుకు మార్చుకోవాలి. అప్పు ఎప్పుడో తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోతుంది. దాన్ని తీయించడానికి బ్యాంకు సంతకంతో 35వ నంబరు ఫారం ఇవ్వాలి.

అమ్మేవారు మరీ జాగ్రత్త. డబ్బు చేతికొచ్చింది కదా అని పేరు మార్చకుండా వదిలేస్తే, రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే పరిహారం మీ మెడకు చుట్టుకుంటుంది. రికార్డులో పేరున్నవారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. తుక్కు కింద ఇచ్చినా ఆ సంగతి రవాణా శాఖకు రాసిచ్చి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి.

ఇక పరాయి పొలంలో దిక్కులేకుండా పడి ఉన్న బండి జోలికి వెళ్లవద్దు. దానికీ ఒక యజమాని ఉంటాడు.

ఒక పూట మెకానిక్‌ను పిలిపించండి, ఒక పూట ఆర్‌సీ వెతకండి. ఆ తర్వాతే కాటా తెమ్మనండి.