దారి చూపేదే దారి తప్పితే?

కొత్త ఊళ్లో దారి తెలియకపోతే ఎదురైనవాళ్లను అడుగుతాం. నడిసముద్రంలో పడవకు దారి ఎవరు చెబుతారు? ఆకాశంలోని ఉపగ్రహాలు చెబుతాయి.

ఉపగ్రహం అంటే మనిషి చేసి పైకి పంపిన యంత్రం. అది భూమి చుట్టూ తిరుగుతుంది. 'నేను ఇక్కడున్నాను, ఇప్పుడు టైం ఇంత' అని కబురు పంపుతూనే ఉంటుంది. నాలుగు ఉపగ్రహాల కబురు అందితే, మనం ఎక్కడున్నామో సెల్‌ఫోను లెక్క కడుతుంది. టైం సెకనులో పది లక్షలో వంతు తప్పినా లెక్క 300 మీటర్లు తప్పుతుంది.

యూరప్ వాళ్ల ఉపగ్రహాల పేరు గెలీలియో. అవి 23,222 కిలోమీటర్ల ఎత్తున గుండ్రంగా తిరగాలి. 2014 ఆగస్టు 22న రెండింటిని పంపారు. రాకెట్ గొట్టంలో ఇంధనం చలికి గడ్డకట్టింది. రెండూ దారి తప్పాయి. కోడిగుడ్డు ఆకారంలో తిరగసాగాయి.

ఆ సంగతి ఎట్లా తెలిసింది? నేల మీద పెద్ద గొడుగుల్లాంటి యాంటెన్నాలు ఉంటాయి. అవి ఉపగ్రహం కబురు పట్టుకుంటాయి. ఉపగ్రహం ఎక్కడుందో దాన్నిబట్టి లెక్క కడతారు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఉపగ్రహానికి అద్దాలు ఉంటాయి. కింది నుంచి లేజరు వెలుగు వేస్తే, అద్దాలకు తగిలి తిరిగొస్తుంది. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికి పట్టిన టైంను బట్టి దూరం తెలుస్తుంది.

శాస్త్రవేత్తలు వాటిని వదిలేయలేదు. ఉపగ్రహాల్లో ఉన్న ఇంధనంతోనే కొద్దికొద్దిగా దారి మార్చారు. 2015 మార్చికల్లా రెండూ మెరుగైన దారికి వచ్చాయి. అనుకున్న దారికి మాత్రం చేరలేదు. అయినా వృథా పోలేదు. పైకి పోయేకొద్దీ గడియారం వేగంగా నడుస్తుందని ఐన్‌స్టీన్ చెప్పాడు కదా! ఆ మాటను వాటి గడియారాలతోనే ఇంకా గట్టిగా రుజువు చేశారు.

చెప్పండి:
1. ఉపగ్రహాలు ఎందుకు దారి తప్పాయి?
2. వాటి దూరం ఎట్లా కొలుస్తారు?
3. దారి తప్పినవి ఎందుకు పనికొచ్చాయి?