కండ్ల కలక – పసికంటి క్యాన్సర్

సర్వేంద్రియములలో నయనమే ప్రధానమని పెద్దలు చెప్పుదురు. అట్టి నయనమునకు కలుగు రెండు వ్యాధులను గూర్చి ఈ వ్యాసమున వివరింపదలచితిమి. ఒకటి అందరును ఎరిగిన కండ్ల కలక. రెండవది పసిపిల్లలకు అరుదుగా వచ్చు రెటినోబ్లాస్టోమా అను కంటి క్యాన్సర్. మొదటిది అంటువ్యాధి, రెండవది అంటునది కాదు. అయినను ఈ రెండింటి కథలు ఒక వైరస్ వద్ద కలిసికొనుట విశేషము.

2023 వర్షాకాలమున తెలంగాణలో కండ్ల కలక విస్తృతముగా వ్యాపించినది. ఉర్దూ మాట్లాడు ఇండ్లలో దీనినే ‘ఆంఖ్ ఆనా’ అందురు. దీనికి తరచు కారణమగునది అడినోవైరస్. రోగి కండ్లలోనికి చూచినంత మాత్రమున ఇది అంటదు. చేతులు, తువాళ్ళు, దిండు గలేబుల ద్వారా అంటును. సాధారణముగా రెండు మూడు వారములలో దానంతటదే తగ్గును. కంటిలో చనుబాలు, ఆకుపసరు పోయరాదు. వైద్యుని సలహా లేనిదే స్టెరాయిడ్ చుక్కలు వేయరాదు.

రెటినోబ్లాస్టోమా సుమారు 15,000 నుండి 20,000 జననములలో ఒక్కరికి, చాలవరకు ఐదేండ్లలోపుననే వచ్చును. కనుపాపలో తెల్లని మెరుపు, మెల్లకన్ను దీని ముఖ్య లక్షణములు. మన పల్లెలలో ఆ తెలుపును చూచి ‘పువ్వు వేసినది’ అని ఊరకుండు ప్రమాదము కలదు. ఆ ఆలస్యమే ప్రాణాంతకము.

ఈ వ్యాధి పుట్టుటకు కణములోని ఒక జన్యువునకు రెండు దెబ్బలు తగులవలెనని 1971లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ నడ్సన్ ప్రతిపాదించెను. 1986లో ఆ ఆర్.బి. జన్యువు లభించినది. దాని ప్రొటీను కణవిభజనకు కళ్ళెము వంటిది. అడినోవైరస్ ప్రొటీను ఒకటి ఆ కళ్ళెమునే పట్టి సడలించునని 1988లో వెల్లడియైనది.

అట్లైన కండ్ల కలక వలన క్యాన్సర్ వచ్చునా? రాదు. అడినోవైరస్ మానవులలో క్యాన్సర్ కలిగించునను రుజువు లేదు. పైగా శత్రువునే సేవకునిగా మలచు యత్నము సాగుచున్నది. ఆర్.బి. కళ్ళెము తెగిన కణములలోనే పెరిగి వానిని నశింపజేయునట్లు మార్చిన అడినోవైరస్‌ను గూర్చి 2019లో స్పెయిన్ పరిశోధకులు ప్రకటించిరి. ఇది ఇంకను పరీక్షాదశయే. నేటి చికిత్స మందులు, లేజర్, తప్పనిసరియైనచో కన్ను తొలగించుట. సకాలమున గుర్తించినచో బిడ్డలలో అధికులు బ్రతుకుదురు. హైదరాబాదున 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఈ చికిత్స లభించును.

కావున విద్యార్థి మిత్రులారా! కండ్ల కలక వచ్చినవాడు కొలది దినములు ఇంట నుండవలెను. కనుపాప తెల్లబడిన బిడ్డ ఒక్క దినమైనను ఇంట నుండరాదు. ఆ బిడ్డను అంటరోగిగా ఎంచి దూరముంచుట అజ్ఞానము. తోబుట్టువుల కండ్లను కూడ పరీక్ష చేయింపవలెను. చెల్పూరులో ఇంటింటికిని ఈ మాట చేర్చు బాధ్యత మనది. ఏటేట ఇచట పసిపిల్లలకు నేత్ర పరీక్షా శిబిరము ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీ వారిని సవినయముగా కోరుచున్నాము.