విద్యుత్తు నడిచే దారి



మన మారిషస్ దీవికి వేసవి నెలలలో తుఫానులు వస్తాయి. గాలి హోరుమని వీస్తుంది. చెట్లు కూలుతాయి. కరెంటు తీగలు తెగుతాయి. ఇంట్లో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి. అప్పుడు అమ్మ టార్చి లైటు తీసి మీట నొక్కుతుంది. వెంటనే వెలుగు వస్తుంది.

ఇంటి దీపాలు ఆరిపోయినా టార్చి ఎలా వెలిగింది? మీట నొక్కగానే దాని లోపల ఏమి జరిగింది? ఈ పాఠములో తెలుసుకుందాము.

చేసి చూడండి

కావలసిన వస్తువులు: టార్చిలో వేసే సెల్ ఒకటి, ఆ సెల్‌తో వెలిగే చిన్న బల్బు ఒకటి, రాగి తీగ ముక్కలు రెండు, అంటించే టేపు. తీగల చివర ఉన్న ప్లాస్టిక్ పొరను పెద్దలచేత తీయించండి.

సెల్‌ను చూడండి. ఒక చివర చిన్న లోహపు టోపీ ఉన్నది. అక్కడ + గుర్తు ఉంటుంది. రెండవ చివర చదునుగా ఉన్నది. అది − వైపు. ఒక తీగను టోపీకి, ఇంకొక తీగను చదునైన అడుగుకు టేపుతో అంటించండి.

ఇప్పుడు బల్బును చూడండి. దాని అడుగున ఒక బొడిపె ఉన్నది. చుట్టూ లోహపు తొడుగు ఉన్నది. ఒక తీగ చివరను బొడిపెకు తాకించండి. రెండవ తీగ చివరను తొడుగుకు తాకించండి. బల్బు వెలిగింది కదా!

ఒక తీగను తీసివేయండి. బల్బు ఆరిపోయింది. మళ్ళీ తాకించండి. వెలిగింది. ఈసారి రెండవ తీగను తీయండి. అప్పుడు కూడా ఆరిపోయింది.

దీనివలన ఏమి తెలిసింది? విద్యుత్తు సెల్ నుండి ఒక తీగ గుండా బల్బుకు పోతుంది. బల్బు నుండి రెండవ తీగ గుండా తిరిగి సెల్‌కు చేరుతుంది. పోవడానికి దారి ఉంటే చాలదు. తిరిగి రావడానికి కూడా దారి ఉండాలి. ఈ దారినే విద్యుత్ వలయము అంటారు.

మీరు ఆటస్థలములో చేతులు పట్టుకొని గుండ్రంగా నిలబడతారు. ఒక్కరు చేయి వదిలినా ఆ గుండ్రము తెగిపోతుంది. విద్యుత్ వలయము కూడా అంతే. ఎక్కడ తెగినా బల్బు ఆరిపోతుంది.

జాగ్రత్త! బల్బు లేకుండా సెల్ రెండు చివరలను ఒకే తీగతో కలపకండి. తీగ, సెల్ బాగా వేడెక్కి చేయి కాలుతుంది.

మీట చేసే పని

టార్చిలో కూడా ఇటువంటి వలయమే ఉన్నది. సెల్‌లను, బల్బును కలిపే లోహపు పట్టీ ఉంటుంది. మీట నొక్కితే పట్టీ తగులుతుంది. వలయము పూర్తి అవుతుంది. దీపము వెలుగుతుంది. మీట వెనుకకు తీస్తే వలయము తెగుతుంది. ఇంటి గోడ మీది స్విచ్చి పని కూడా ఇదే.

ఇప్పటి టార్చిలలో ఎక్కువగా ఎల్.ఇ.డి. దీపాలు ఉంటాయి. వాటికి కూడా పూర్తి వలయము కావలసిందే.

1800 లో ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు అలెస్సాండ్రో వోల్టా తాను చేసిన బ్యాటరీని గురించి లోకానికి తెలిపాడు. ఆయన పేరు మీదనే విద్యుత్ బలాన్ని వోల్టులలో కొలుస్తున్నాము. మీ సెల్ బలము 1.5 వోల్టులు. ఇంటి కరెంటు బలము 230 వోల్టులు. అది సెల్ కంటే నూట యాభై రెట్లకు పైగా ఎక్కువ. అందువలన మన ప్రయోగాలన్నీ సెల్‌తోనే చేయాలి. గోడ ప్లగ్గుతో ఎన్నడూ చేయరాదు.

ఏవి దారి ఇస్తాయి?

మీ వలయములో ఒకచోట తీగను విడదీయండి. ఆ ఖాళీలో ఒక్కొక్క వస్తువును పెట్టి చూడండి. పిన్నీసు, ఇనుప మేకు, స్టీలు చెంచా పెడితే బల్బు వెలుగుతుంది. ఇవి వాహకాలు. రబ్బరు, దారము, కాగితము, ప్లాస్టిక్ దువ్వెన పెడితే వెలగదు. ఇవి బంధకాలు. తీగల మీద ప్లాస్టిక్ పొర ఎందుకు ఉన్నదో ఇప్పుడు మీకే తెలిసింది.

మన శరీరము గుండా కూడా విద్యుత్తు పోగలదు. చేతులు తడిగా ఉంటే ఇంకా సులభముగా పోతుంది. సెల్ బలము చాలా తక్కువ కనుక మనకు ఏమీ కాదు. ఇంటి కరెంటు ప్రాణము తీయగలదు.

తెగిన తీగ

గోరువంక కరెంటు తీగ మీద హాయిగా కూర్చుంటుంది. దానికి ఏమీ కాదు. ఎందుకు? దాని రెండు కాళ్ళూ ఒకే తీగ మీద ఉన్నాయి. అది నేలను కాని, వేరే తీగను కాని తాకడము లేదు. దాని గుండా విద్యుత్తు పోవడానికి దారి లేదు.

మనము నేల మీద నిలబడతాము. ఆ తీగను ముట్టుకుంటే విద్యుత్తు మన గుండా నేలలోకి పోతుంది. అప్పుడు మనమే దారి అవుతాము!

1975 ఫిబ్రవరిలో జెర్వేజ్ అనే పెద్ద తుఫాను మన దీవిని తాకింది. అటువంటి తుఫాను తరువాత తీగలు దారిలో, చెరకు తోటలో, నీటి గుంటలో పడి ఉండవచ్చు. "తీగ తెగింది. ఇంట్లో దీపము లేదు. కనుక తీగలో కరెంటు లేదు" అని అనుకోకండి. అది పెద్ద పొరపాటు. తెగిన తీగలో కూడా కరెంటు ఉండవచ్చు. తీగను ముట్టుకోకండి. కర్రతో కదపకండి. దాని దగ్గరకు పోకండి. చుట్టూ ఉన్న నేల, నీరు కూడా ప్రమాదమే. తమ్ముళ్ళను, చెల్లెళ్ళను పోనివ్వకండి. వెంటనే పెద్దలకు చెప్పండి.

కొత్త మాటలు

వలయము = గుండ్రని దారి
వాహకము = విద్యుత్తును పోనిచ్చేది
బంధకము = విద్యుత్తును పోనివ్వనిది
మీట = స్విచ్చి

అభ్యాసము

1. విద్యుత్ వలయము అంటే ఏమి?
2. మీట నొక్కితే టార్చి ఎందుకు వెలుగుతుంది?
3. మీ ఇంట్లోని మూడు వాహకాల పేర్లు, మూడు బంధకాల పేర్లు వ్రాయండి.
4. తీగ మీది గోరువంకకు ఏమీ కాదు. నేల మీద నిలబడి తీగను ముట్టుకుంటే మనకు ప్రమాదము. కారణము చెప్పండి.
5. ఖాళీలను పూరించండి: సెల్ బలము ______ వోల్టులు. ఇంటి కరెంటు బలము ______ వోల్టులు.
6. సెల్, బల్బు, రెండు తీగలు గల వలయము బొమ్మ గీయండి. విద్యుత్తు నడిచే దారిని బాణపు గుర్తులతో చూపండి.
7. తెగిన తీగ కనిపిస్తే ఏమి చేయాలో ఈ రోజు ఇంట్లో అందరికీ తెలుగులో చెప్పండి.